ఎలైట్ డేంజరస్: బీగల్ పాయింట్ ప్రయాణానికి షీల్డు తీసేయాలా, ఉంచాలా?

ధ్రువతార

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష ఆటలో బీగల్ పాయింట్‌కి బయల్దేరుతున్నాను. దాని గురించి విననివాళ్ల కోసం చెబుతున్నా: సూర్యుడి నుంచి 65,279 కాంతి సంవత్సరాలు, పాలపుంతకి దాదాపు అవతలి కొస. ఓడ క్రెయిట్ ఫాంటమ్. ఫెలిసిటీ ఫార్సీర్ అనే ఇంజనీర్ దగ్గర, నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకించే డ్రైవ్‌ని గ్రేడ్ 5 దాకా ఇంజనీరింగ్ చేయించాను, జంప్ దూరం పెంచే గార్డియన్ బూస్టర్ కూడా ఉంది. జంప్ రేంజ్, అంటే ఒక్క దూకుకి వెళ్లే దూరం, 60 కాంతి సంవత్సరాల దగ్గర ఆడుతోంది.

మా స్క్వాడ్రన్‌లో ఒకాయన ఓడ చూసి ఇలా అన్నాడు: "షీల్డు తీసెయ్, ఎస్‌ఆర్‌వీ (గ్రహాల నేల మీద నడిపే బండి) తీసెయ్, ఏఎఫ్‌ఎమ్‌యూ (ఓడలోని భాగాల్ని దారిలో బాగుచేసే యంత్రం) తీసెయ్, థ్రస్టర్లు చిన్నవి పెట్టు. అంత దూరంలో నీమీద కాల్పులు జరిపేవాడెవడూ ఉండడు. డ్రైవ్‌కి బూస్ట్ ఇచ్చే న్యూట్రాన్ నక్షత్రాల దారి పట్టుకుని వెళ్లిపో."

నాకు మనసొప్పడం లేదు. అలాగని ఆయన మాట కొట్టిపారేయలేను. మీరేమంటారు?

వేగుచుక్క

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దూరప్రయాణంలో రేంజే అసలు రక్షణ. గెలాక్సీ అంచుకి వెళ్లేకొద్దీ నక్షత్రాలు పలచబడతాయి. మధ్యలో పెద్ద ఖాళీలొస్తాయి. రేంజ్ ఉన్నవాడు దాటుకుపోతాడు, లేనివాడు దారి కోసం చుట్టూ తిరుగుతూ ఇంధనం తగలేసుకుంటాడు.

షీల్డుకి కరెంటు కావాలి, కరెంటుకి పెద్ద పవర్ ప్లాంట్ కావాలి, పెద్ద ప్లాంట్ అంటే మళ్లీ బరువు. ఒక్కటి పెడితే వెనకాల నాలుగొస్తాయి.

2015 జనవరిలోనే బీగల్ పాయింట్ చేరినవాళ్లున్నారు. అప్పటికి ఇంజనీర్లూ లేరు, న్యూట్రాన్ బూస్టూ లేదు. రెండూ 2016లో వచ్చాయి. బరువు తగ్గించుకోవడమే వాళ్లకి పెద్ద దిక్కు. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది.

లెక్కలపిచ్చి

లెక్క చూడకుండా మాట్లాడుకుంటే ఇది తేలదు. ముందుగా ఒక మాట: ఏఎఫ్‌ఎమ్‌యూ బరువు సున్నా. సైజు ఏదైనా సున్నాయే. నక్షత్రం నుంచి ఇంధనం తీసుకునే ఫ్యూయల్ స్కూప్ కూడా అంతే, సర్ఫేస్ స్కానర్ కూడా అంతే. ఏఎఫ్‌ఎమ్‌యూ తీసేస్తే రేంజ్ వెంట్రుకవాసి కూడా పెరగదు. ఆ సలహా ఇచ్చినాయన ఒకసారి అవుట్‌ఫిటింగ్ స్క్రీన్‌లో ఆ అంకె చూసుకోవాలి.

ఇక షీల్డు. క్లాస్ అంటే సైజు, డి రేటింగ్ అంటే తేలికైన రకం; క్లాస్ 3 డి రేటింగ్ షీల్డు జెనరేటర్ బరువు 2 టన్నులు. ఫాంటమ్‌కి అది సరిపోతుంది. ట్యాంకు నింపిన ఎక్స్‌ప్లోరేషన్ ఫాంటమ్ సుమారు 350 టన్నులు ఉంటుందనుకుందాం. జంప్ దూరం బరువుకి విలోమంగా మారుతుంది కాబట్టి, 60 కాంతి సంవత్సరాల రేంజ్ 59.66కి దిగుతుంది. సరళరేఖలో లెక్కేస్తే షీల్డు లేకుండా 1,088 జంపులు, షీల్డుతో 1,095. ఏడు జంపులు. ఒక్కో జంప్‌కి నిమిషం వేసుకున్నా ఏడు నిమిషాలు. బూస్టర్ ఇచ్చే అదనపు దూరం బరువుతో తగ్గదు కాబట్టి, నిజానికి తేడా ఇంతకన్నా తక్కువే.

ఎస్‌ఆర్‌వీ హ్యాంగర్‌లో హెచ్ రేటింగ్‌ది 12 టన్నులు, జి రేటింగ్‌ది 6. కరెంటు కాస్త ఎక్కువ తిన్నా జి తీసుకోండి. దానికి మరో కాంతి సంవత్సరం పోతుంది. షీల్డూ హ్యాంగరూ రెండూ పెట్టుకుంటే మొత్తం మీద పాతిక జంపులు ఎక్కువ. వెయ్యి పైచిలుకు జంపుల ప్రయాణంలో పాతిక కోసం ఓడని బోసిగా పంపమంటారా?

వేగుచుక్క

లెక్క బాగుంది, ఏఎఫ్‌ఎమ్‌యూ విషయంలో మీదే కరెక్ట్, అది ఉంచుకోవాల్సిందే. కానీ "రెండు టన్నులేగా" అన్న మాట దగ్గరే నా గొడవంతా. షీల్డు రెండే. హ్యాంగర్ ఆరే. ఓడ వేడిని బయటికి తోసే హీట్‌సింక్ లాంచర్ ఒక్కోటి 1.3 టన్నులే. హల్‌ని, అంటే ఓడ పైతొడుగుని, బాగుచేసే చిన్న డ్రోన్లు రిపేర్ లింపెట్లు ఒక్కోటి టన్నే. ఇలా "ఏ"లన్నీ కూడితే ముప్పై టన్నులు అవుతాయి. అప్పుడు మీరు చెప్పిన పాతిక జంపులు వంద అవుతాయి.

ఆయన చెప్పిన థ్రస్టర్ల మాట మనలో ఎవరూ ఎత్తలేదు. ఫాంటమ్‌కి వచ్చేవి క్లాస్ 6. డి రేటింగ్‌లో అవి 16 టన్నులు. క్లాస్ 5 అయితే 8, క్లాస్ 4 అయితే 4. క్లాస్ 4 కూడా ఆ బరువుని మోస్తుంది. ఒక్క మార్పుతో 12 టన్నులు మిగులుతాయి. షీల్డు కన్నా ముందు చూడాల్సింది అదే.

మట్టివాసన

అన్నా, మీరిద్దరూ ఓడ నేల మీద దిగదన్నట్టే మాట్లాడుతున్నారు.

షీల్డు శత్రువు కోసం కాదు, నేల కోసం. 2021లో ఆటకి ఒడిస్సీ అనే విస్తరణ వచ్చాక పల్చటి వాతావరణం ఉన్న గ్రహాల మీద దిగి, నడిచి, అక్కడి మొక్కల నమూనాలు తీయొచ్చు. ఒక్కో జాతికి మూడు నమూనాలు, అవీ ఒకదానికొకటి నిర్ణీత దూరంలో ఉండాలి. స్ట్రాటమ్ టెక్టోనికాస్ లాంటిది ఒక్కటి పూర్తిచేస్తే 1.9 కోట్ల క్రెడిట్లు. ఆ గ్రహం మీద మొదటి అడుగు మీదే అయితే దాని మీద ఇంకా బోనస్. ఈ పని చేసేవాళ్లు ఒక్క సిటింగ్‌లో ఎన్నిసార్లు దిగుతారో, ఎన్నిసార్లు లేస్తారో!

క్లాస్ 4 థ్రస్టర్లు పెట్టుకుని బరువైన గ్రహం మీద దిగడం ఎలా ఉంటుందో చెబుతా. గురుత్వం 2 జి దాటిందనుకోండి. వేగంగా జారుతూ దిగే గ్లైడ్ దశ అయిపోయి ఓడ మామూలు వేగానికి వస్తుంది. ముక్కు కిందికే ఉంది, నేల ఇంకా రెండు కిలోమీటర్లు. ఇక్కడ ముక్కు లేపి ఓడని సమంగా చేస్తే సరిపోతుందనిపిస్తుంది. సమంగా చేశాక కూడా కిందికి పడే వేగం ఆగదు, ఎందుకంటే ఓడ పొట్ట కిందుండే థ్రస్టర్లు ఆ బరువుని ఆపలేక ఆపుతున్నాయి. పైకి బటన్ నొక్కి పట్టుకున్నా ఆల్టిట్యూడ్ అంకె దిగుతూనే ఉంటుంది. చివరి వంద మీటర్లలో మీ చేతిలో ఏమీ ఉండదు. షీల్డుంటే దాని నీలి పొర తగ్గి ఊరుకుంటుంది. లేకపోతే హల్ 100 నుంచి ఎక్కడికి దిగుతుందో మీ అదృష్టం. హల్‌ని ఏఎఫ్‌ఎమ్‌యూ బాగుచెయ్యదు.

కాబట్టి షీల్డు తీసేసినా పర్లేదు, థ్రస్టర్లు మాత్రం మరీ చిన్నవి చెయ్యొద్దు అని నా అభిప్రాయం. రెండూ ఉంటే మంచిది. ఒకటే అంటే మాత్రం థ్రస్టర్లకే నా ఓటు.

కొత్తపైలట్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. అంత దూరంలో ఇంధనం అయిపోతే ఏంటి పరిస్థితి? నాకు అదే టెన్షన్.

నత్తనడక

కొత్తపైలట్ గారూ, ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం రకం నక్షత్రాల దగ్గర స్కూప్ పనిచేస్తుంది. గోధుమ మరుగుజ్జుల దగ్గర, న్యూట్రాన్ల దగ్గర, తెల్ల మరుగుజ్జుల దగ్గర దొరకదు. గెలాక్సీ మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టుకుంటే రూట్ వాటి మీదుగానే వేస్తుంది. ట్యాంకు సగానికి రాకముందే నింపడం అలవాటు చేసుకోండి.

ఇంకో సంగతి. పూర్తి రేంజ్ జంప్‌కి మామూలు 5ఎ డ్రైవ్ 5 టన్నులు తాగుతుంది. అందులో సగం దూరమే దూకితే ఒక టన్ను కూడా ఖర్చవదు. ఇంధనం తక్కువున్నప్పుడు రూట్‌ని ఎకనామికల్‌కి మార్చి చిన్న చిన్న జంపులతో మంచి నక్షత్రం దాకా పాకొచ్చు.

అదీ కుదరక నిజంగా ఇరుక్కుంటే ఫ్యూయల్ ర్యాట్స్ ఉన్నారు. 2015 నుంచి ఇదే పని చేస్తున్న ఆటగాళ్ల బృందం. ఎంత దూరమైనా వస్తారు, పైసా తీసుకోరు. ఆక్సిజన్ టైమర్ మొదలైందంటే మాత్రం వెంటనే మెయిన్ మెనూకి వచ్చేసి, ఆ తర్వాత వాళ్లని పిలవండి. ఆటలో ఉండి పిలుస్తూ కూర్చుంటే టైమర్ ఆగదు.

లెక్కలపిచ్చి

నత్తనడక గారి ఇంధనం లెక్క చూశాక వేగుచుక్క గారికి మళ్లీ ఒక మాట. రేంజే రక్షణ అన్నారు కదా. మరి ఎస్‌ఆర్‌వీ ఎందుకు తీసేయమంటున్నారు? ఏరుకున్న పదార్థాలతో ఓడలోనే చేసే సింథసిస్ ఇంజెక్షన్ డ్రైవ్‌కి ఇస్తే ఆ ఒక్క జంప్‌కి రేంజ్ పెరుగుతుంది: బేసిక్ అయితే 25 శాతం, స్టాండర్డ్ 50, ప్రీమియం 100. ప్రీమియంకి పొలోనియం, యిట్రియం, నయోబియం, ఆర్సెనిక్ లాంటివి కావాలి. అవి ఎక్కువగా గ్రహాల నేల మీద దొరుకుతాయి. రాళ్లు పగలగొట్టి ఏరుకోవడానికి బండి ఉండాలి.

మీరు భయపడే ఆ పెద్ద ఖాళీలో 60ని 61 చేసుకోవడం పెద్ద ఉపయోగపడదు. 60ని ఒక్కసారి 120 చెయ్యగలగడం ఉపయోగపడుతుంది. ఆరు టన్నుల హ్యాంగర్ తెచ్చేది అదే.

వేగుచుక్క

ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటాను. కానీ బయల్దేరకముందే బబుల్‌లో (సూర్యుడి చుట్టుపక్కల జనం ఉండే ప్రాంతం) ఉండగా ఆ మెటీరియల్స్ నింపుకోవచ్చు. వాటికి బరువు లేదు. ఇంట్లో ఏరుకుని, బండిని స్టేషన్‌లో వదిలేసి వెళ్లడమే నేను చెప్పేది. అంచు దగ్గర వాడుకోవడానికి అవి చాలు. దారి పొడుగునా అవసరానికి మించి వాడితే అది రూట్ ప్లాన్ చేసుకోవడంలో లోపం.

న్యూట్రాన్ దారి గురించి మాత్రం నా మాట మార్చుకోను. న్యూట్రాన్ నక్షత్రం చిమ్మే జెట్ కోన్‌లో డ్రైవ్ చార్జ్ చేసుకుంటే నాలుగు రెట్ల దూరం. 60 రేంజ్ ఓడకి 240. ఇంత సదుపాయం పెట్టుకుని వెయ్యి జంపులు చెయ్యడం దేనికి?

నత్తనడక

దేనికంటే, చూడ్డానికి. నేను బరువుల గొడవలోకి రాను కానీ ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండలేను.

240 కాంతి సంవత్సరాలు దూకిన ప్రతిసారీ మధ్యలో లెక్కలేనన్ని వ్యవస్థల్ని దాటేస్తున్నాం. ఈ గెలాక్సీలో 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలున్నాయి. మనుషులందరూ కలిసి చూసింది అందులో శాతంలో చిన్న ముక్క. న్యూట్రాన్ దారిలో అందరూ అవే నక్షత్రాల మీదుగా పోతారు కాబట్టి, ఆ దారిలో కనిపించేవన్నీ మొదట కనుక్కున్న ఎవరో ఒకరి పేరు రాసి ఉన్నవే. దారికి కాస్త పక్కకి జరిగి మామూలు జంపులు చేస్తే, హారన్ మోగించి (అంటే వ్యవస్థని ఒకసారి స్కాన్ చేసి), గ్రహాల్ని వెతికే ఎఫ్‌ఎస్‌ఎస్ స్కానర్ తెరిచాక ఒక నీళ్ల గ్రహం, దాని చుట్టూ వలయాలు, కింద ఎవరి పేరూ ఉండదు. ఆ పేరు మీది కావొచ్చు. 65 వేల కాంతి సంవత్సరాలు వెళ్లి అది వదులుకునే ప్రయాణం నాకు అర్థం కాదు.

వెళ్లేటప్పుడు మామూలు దారి, వచ్చేటప్పుడు న్యూట్రాన్ దారి అని పెట్టుకోండి. వచ్చేటప్పుడు ఎలాగూ అందరికీ ఓపిక అయిపోతుంది.

మట్టివాసన

న్యూట్రాన్ వాడేవాళ్లకి రెండు ముక్కలు. చార్జ్ చేసిన ప్రతిసారీ డ్రైవ్ దాదాపు ఒక శాతం అరుగుతుంది. 80 కన్నా కిందికి పోతే మొరాయించడం మొదలవుతుంది. ఏఎఫ్‌ఎమ్‌యూ తనని తాను బాగుచేసుకోలేదు, కాబట్టి రెండు పెట్టుకుంటే ఒకదాన్నొకటి చూసుకుంటాయి. డ్రైవ్ రిపేర్ అవుతున్నంత సేపూ అది ఆఫ్‌లోనే ఉంటుంది, అందుకని ముందు సూపర్‌క్రూజ్ (వ్యవస్థ లోపల తిరిగే అతివేగ ప్రయాణం) నుంచి బయటికొచ్చి ఓడ ఆపుకోండి.

తెల్ల మరుగుజ్జుల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇచ్చేది ఒకటిన్నర రెట్లే, కోన్ మాత్రం నక్షత్రానికి మరీ అంటుకుని ఉంటుంది. అందులో ఎమర్జెన్సీ డ్రాప్ అయితే, అంటే ఓడ సూపర్‌క్రూజ్ నుంచి ఉన్నట్టుండి బయటపడితే, బయటపడ్డం కష్టం.

ధ్రువతార

అందరికీ థాంక్స్. షీల్డు ఉంచుతున్నాను, 3డి. థ్రస్టర్లు క్లాస్ 5కి దించాను, 8 టన్నులు మిగిలాయి. అంటే షీల్డు, జి హ్యాంగర్ రెండూ దాంట్లోనే ఇమిడిపోయాయి. ఏఎఫ్‌ఎమ్‌యూలు రెండు. వేగుచుక్క అన్న మాట విని లింపెట్లు మోసుకెళ్లడం మానేశాను, కంట్రోలర్ మాత్రం ఉంది. కావాలంటే ఇనుము, నికెల్‌తో దారిలోనే చేసుకోవచ్చు.

ఒక్క సందేహం మిగిలింది. తిరిగొచ్చేటప్పుడు కొన్ని నెలల అన్వేషణ డేటా ఓడలో ఉంటుంది. దాన్ని ఎక్కడ అమ్మడం మంచిది?

వేగుచుక్క

క్లాస్ 5 మంచి రాజీ. నేనైతే 4 పెట్టేవాణ్ణి, మీరు నేల మీద దిగుతారు కాబట్టి సరే.

డేటా విషయంలో నాది కచ్చితమైన మాట. ఓడ పోతే రీబై (బీమా రుసుము) కట్టి ఓడ తెచ్చుకోవచ్చు, అమ్మని డేటా మాత్రం మొత్తం పోతుంది. అది పోతే నక్షత్రాల మీద పేరూ రాదు. అందుకని దాన్ని ఇంటిదాకా మొయ్యకండి. దారిలో ఏ ఆటగాడి ఫ్లీట్ క్యారియర్‌లో (ఓడలు దిగే పెద్ద ఓడ) డేటా కొనే యూనివర్సల్ కార్టోగ్రఫిక్స్ ఉన్నా ఆగండి. అక్కడ ధర తగ్గుతుంది, అయినా ఆగండి. కనీసం సగం అమ్మెయ్యండి.

లెక్కలపిచ్చి

ఈ ఒక్కదాంట్లో వేగుచుక్కతో నేనూ ఏకీభవిస్తాను, సగం అన్నది తప్ప. క్యారియర్‌లో అమ్మితే స్టేషన్ ధరలో నాలుగో వంతు పోతుంది. కొలోనియా అనే దూరపు జనావాసం సూర్యుడికి 22 వేల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది, అక్కడి స్టేషన్‌లో పూర్తి ధర వస్తుంది. కాస్త చుట్టు తిరిగినా ఆ దారిన రండి. మీకు డబ్బు కన్నా పేరే ముఖ్యమైతే మాత్రం మొదట కనిపించిన క్యారియర్‌లోనే అంతా అమ్మెయ్యండి.

మట్టివాసన

ఎక్కడ అమ్మినా సరే, జనం తిరిగే చోటికి వచ్చేముందు అందరూ కలిసి ఆడే ఓపెన్ నుంచి ఒంటరిగా ఆడే సోలోకి మారండి. నెలల తరబడి ఎవరూ లేని చోట తిరిగి వచ్చినవాళ్లు, స్టేషన్ బయట కాచుకుని ఉండే ఆటగాళ్ల సంగతి మర్చిపోతారు. మీ ఫాంటమ్‌కున్న 3డి షీల్డు వాళ్ల ముందు కొన్ని సెకన్లు కూడా నిలవదు.