డ్రాయింగులు పూర్తికాకుండానే పని మొదలుపెట్టడం: ధైర్యమా, తప్పా?

పునాదిరాయి:
వేరే చర్చలో ఒకరు "అన్నీ తేల్చుకున్నాకే కట్టాలని కూర్చుంటే ఒక్క గొప్ప కట్టడమూ లేచేది కాదు, సిడ్నీ ఆపెరా హౌసే సాక్ష్యం" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే ఇక్కడ విడిగా రాస్తున్నాను.

దాని డిజైన్ కోసం పెట్టిన పోటీలో 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జోన్ గీసిన బొమ్మ గెలిచింది. బొమ్మ అనే అంటాను. తెరచాపల్లాంటి ఆ పైకప్పును ఎలా నిలబెట్టాలో అప్పటికి ఎవరికీ తెలీదు. అయినా 1959 మార్చిలో పని మొదలుపెట్టేశారు. పైన ఎంత బరువు పడుతుందో తేలకముందే కింద పిల్లర్లు పోశారు. తర్వాత అవి చాలవని తెలిసి, పడగొట్టి మళ్లీ కట్టారు. పైకప్పు ముక్కలన్నీ ఒకే గోళంలోంచి కోసినట్టు చేస్తే సరిపోతుందన్న ఉపాయం 1961లో గానీ తట్టలేదు. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో 1963కల్లా అయిపోతుందనుకున్నది 10 కోట్ల 20 లక్షలతో 1973లో తెరుచుకుంది.

డబ్బు సంగతి వదిలేయండి. ఉట్జోన్ 1966లో రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2008లో చనిపోయేదాకా పూర్తయిన కట్టడాన్ని ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. లోపలి హాళ్లు ఆయన అనుకున్నట్టు రాలేదు. దీన్ని ఆదర్శంగా చూపిస్తే నాకు బాధేస్తుంది.

నదిఒడ్డు:
పునాదిరాయి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ అసలు మనిషిని వదిలేశారు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జో కేహిల్. పనిని తొందరపెట్టింది ఆయనే. రేపు ఎవరు అధికారంలోకి వచ్చినా ఆపలేనంత దూరం పని వెళ్లిపోవాలన్నది ఆయన పట్టుదల. పని మొదలైన ఏడాదే, 1959 అక్టోబరులో ఆయన చనిపోయారు. డ్రాయింగుల కోసం ఆగి ఉంటే ఆయనతో పాటే ఆ ఫైలు కూడా అటకెక్కేది.

ఇంకో రెండు చూడండి. ఎంపైర్ స్టేట్ భవనం 1930 మార్చిలో మొదలై 410 రోజుల్లో లేచింది. అదీ అనుకున్న ఖర్చు కన్నా తక్కువలో. కింద స్టీలు లేస్తుంటే పై అంతస్తుల డ్రాయింగులు ఇంకా గీస్తూనే ఉన్నారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ కెథెడ్రల్ (పెద్ద చర్చి) సంగతైతే చెప్పనే అక్కర్లేదు. 1296లో పునాది వేశారు. అంత వెడల్పున గుమ్మటం ఎలా వేయాలో తెలీకుండానే గోడలు లేపారు. దారి చూపమని పోటీ పెట్టింది 1418లో. అంటే వంద దాటి ఇరవై ఏళ్ల తర్వాత! తెలిసినంత వరకు కట్టు, మిగతాది తర్వాతి తరం చూసుకుంటుంది అన్న నమ్మకం అది. నాకు ఆ నమ్మకం మీద గౌరవం ఉంది.

లెక్కలపుస్తకం:
కెనడాలో కడుతుండగానే కూలిన క్యూబెక్ వంతెన గురించి ఎవరూ ఎత్తలేదు. మధ్య స్పాన్‌ను (రెండు స్తంభాల మధ్య దూరాన్ని) 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచారు. పొడవు పెరిగితే వంతెన సొంత బరువూ పెరుగుతుంది కదా. ఆ లెక్క మళ్లీ సరిగ్గా వేయలేదు. 1907 ఆగస్టులో కింది ఉక్కు దూలాలు వంగుతున్నాయని సైట్ ఇంజనీరు గమనించి, న్యూయార్క్‌లో ఉన్న కన్సల్టింగ్ ఇంజనీరు థియొడోర్ కూపర్‌ను కలవడానికి రైలెక్కాడు. ఇక బరువు పెంచొద్దని కూపర్ టెలిగ్రాం ఇచ్చాడు, కానీ సైట్‌కు కాదు, ఉక్కు కంపెనీ ఆఫీసుకు. ఆగస్టు 29 సాయంత్రం, పని ముగిసే వేళకు వంతెన నదిలో కూలింది. 75 మంది పోయారు. వాళ్లలో 33 మంది కానవాకే అనే ఒక్క ఊరి మోహాక్ తెగ కార్మికులు.

సెంట్రింగ్‌కర్ర:
నేను సైట్ మనిషిని. పెద్ద పెద్ద పేర్లు నాకు తెలీవు, నా కళ్లతో చూసింది చెప్తాను. ఒక సైట్‌లో మెషిన్లు ఎక్కడ వస్తాయో ఖరారు కాకముందే స్లాబ్ వేసేయమన్నారు. వేశాం. క్యూరింగ్ అయిందో లేదో సవరించిన డ్రాయింగ్ వచ్చింది, పైపులు ఆ స్లాబ్‌లోంచే దిగాలట. ముందే చెప్పి ఉంటే సెంట్రింగ్ మీద చెక్క డబ్బాలు పెట్టి కంతలు వదిలేవాళ్లం, గంట పని. ఇప్పుడు కోర్ కటింగ్, అంటే గట్టిపడ్డ స్లాబ్‌ను మెషిన్‌తో గుండ్రంగా కోయడం. మెషిన్ దిగుతుంటే బూడిద రంగు నీళ్లు కారాయి. బయటికి తీసిన గుండ్రటి కాంక్రీటు ముక్క పక్కన తెగిన రాడ్ కొస తళతళా మెరుస్తోంది. ఆ రాడ్లు కట్టిన మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని, "నేను కట్టిందే సార్ ఇది" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. మారిన డ్రాయింగ్ ఖరీదు అంచనాల్లో ఎక్కడా కనిపించదు.

పునాదిరాయి:
సెంట్రింగ్‌కర్ర గారూ, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు.

నదిఒడ్డు గారూ, ఎంపైర్ స్టేట్‌లో తెలియనిది ఏముంది? స్టీలు ఫ్రేము అప్పటికే చేయి తిరిగిన పని. ఎక్కువ అంతస్తులు ఒకదానికొకటి నకళ్లు. వాళ్లు గీస్తూ ఉన్నది తెలిసిన విషయాన్నే.

ఇక ఫ్లోరెన్స్. ఆ గుమ్మటాన్ని చివరికి కట్టిన బ్రూనెల్లెస్కి, దాన్ని సెంట్రింగ్ లేకుండా లేపుతానన్నప్పుడు ఎవరూ నమ్మలేదు. ఆయన ముందు ఇటుకలతో నమూనా కట్టి చూపించాడు. 1420లో పని మొదలైనప్పుడు కూడా మొత్తం ఒకేసారి రాసివ్వలేదు. 30 బ్రాచాల ఎత్తు, అంటే సుమారు 17 మీటర్ల దాకా కట్టండి, ఆ పైన అనుభవం ఏం నేర్పితే అలా చేద్దాం అని పత్రంలోనే రాసుకున్నారు. తెలియని చోట ఒక గీత గీసి, అక్కడ ఆగి చూసుకుంటామని ముందే ఒప్పుకున్నారు. సిడ్నీలో ఆ గీతే లేదు.

పనామా చూడండి. కాలువ సముద్ర మట్టంలోనే తవ్వాలని, మొదట ఆ పని చేపట్టిన ఫ్రెంచ్ కంపెనీ అధిపతి లెసెప్స్ పట్టుబట్టాడు. నదికి ఆనకట్ట కట్టి, సరస్సు చేసి, లాకులు (నీటిమట్టం మార్చి ఓడలను ఎక్కించి దించే గదులు) పెడదామని 1879 పారిస్ సమావేశంలోనే ఒక ఫ్రెంచ్ ఇంజనీరు చెప్పాడు. వినలేదు. 1889లో కంపెనీ కుప్పకూలేసరికి దాదాపు 20 వేల ప్రాణాలు పోయాయి, చాలావరకు ఎల్లో ఫీవర్, మలేరియాలకే. చివరికి 1914లో తెరుచుకున్నది ఆనకట్ట, సరస్సు, లాకుల కాలువే.

నదిఒడ్డు:
పనామాలో ఫ్రెంచ్ వాళ్ల తర్వాత పని చేపట్టిన అమెరికన్లు కూడా 1904లో లాకులా, సముద్ర మట్టమా అని తేల్చుకోకుండానే దిగారు. అది 1906లో గానీ తేలలేదు. కాబట్టి మొదలుపెట్టడమే తప్పంటే నేను ఒప్పుకోను. అయితే 1905లో వచ్చిన చీఫ్ ఇంజనీరు జాన్ స్టీవెన్స్ తవ్వకం ఆపించి, ముందు దోమల మీద పోరు, కూలీల ఇళ్లు, రైలు మార్గం అన్నాడు. పైనుంచి ఎంత ఒత్తిడి ఉన్నా ఆపాడు. ఆ సంగతి మాత్రం మీ వైపే మొగ్గుతోంది, కాదనను.

పునాదిరాయి:
సరిగ్గా నా గొడవ అదే. కేహిల్‌ను మీరు మెచ్చుకున్నది ఎవరూ ఆపలేకుండా చేసినందుకు. క్యూబెక్‌లో దూలాలు వంగుతున్నా ఆపమని చెప్పగల అధికారం ఉన్న మనిషి సైట్‌లో ఒక్కడూ లేడు. ఆ రెండింటినీ నేను వేరుగా చూడలేకపోతున్నాను.

సెంట్రింగ్‌కర్ర:
ఆ స్లాబ్ తర్వాత నుంచి నేను ఒకటే పట్టుకున్నాను. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం డ్రాయింగ్ మేస్త్రి ముందు పరిచి, "ఇందులో ఇంకా మారేది ఏముంది?" అని డిజైన్ వాళ్లను ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడుగుతాను. జవాబు నసిగితే మిక్సర్ తిరగదు. రెండుసార్లు తిట్లు తిన్నాను, పోత మాత్రం వాయిదా వేశాను.