లైప్‌జిగ్ సెయింట్ థామస్ చర్చిలో బాక్ కాంటాటా: అమ్మను తీసుకెళ్లేముందు కొన్ని సందేహాలు

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరకు జర్మనీ వస్తోంది. పుట్టినప్పటినుంచీ లూథరన్ సంఘమే. సంగీతకర్త బాక్ 1723 నుంచి 1750లో చనిపోయేదాకా పనిచేసిన చర్చి, ఆయన సమాధి ఉన్న చర్చి అంటే కచేరీకి కాదు, ఆరాధనకే వెళ్దామంటోంది.

శనివారం మధ్యాహ్నం ప్రార్థనలో బాక్ కాంటాటా, అంటే గాయకబృందం వాద్యాలతో పాడే పలు భాగాల భక్తి సంగీత రచన, పాడతారని తెలుసు. నా టెన్షన్ వేరే. కాంటాటా చివర వచ్చే కోరల్, అంటే సంఘానికి తెలిసిన కీర్తన రాగమే, గాయకబృందం పాడుతుంటే మనమూ గొంతు కలపొచ్చా? అమ్మకు రాగం తెలిస్తే ఆగదు, తెలుగులోనే అందుకుంటుంది! పాట అయ్యాక చప్పట్లు కొడతారా, మౌనంగా ఉంటారా?

ఇంకోటి. బృందం పడమటి వైపు పైనున్న గ్యాలరీలో, ఆర్గన్ దగ్గర నిలబడి పాడుతుందట. అంటే మన వీపు వెనక. బృందంలోని అబ్బాయిలు పాడటం అమ్మకు కనపడాలంటే ఎటువైపు కూర్చోవాలి? తనకు మోకాళ్ల నొప్పులు, మేడ మెట్లు ఎక్కలేదు. ఎంత ముందుగా చేరుకోవాలో కూడా వెళ్లినవాళ్లు చెప్పండి, ప్లీజ్.