టెక్సస్ టెక్ కోచ్ మైక్ లీచ్ కేసు: బాకీ డబ్బుకు దారే లేదా?

స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ క్లాసులో ఈ కేసు మీద ప్రెజెంటేషన్ ఇవ్వాలి. ఒక్క చోట ఇరుక్కుపోయాను.

మైక్ లీచ్ అమెరికాలో టెక్సస్ టెక్ అనే ప్రభుత్వ యూనివర్సిటీకి అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా ఉండేవారు. 2009 డిసెంబరులో తలకు దెబ్బ తగిలి కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని తేలిన ఒక ఆటగాణ్ణి ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ చీకటి షెడ్డులో నిలబెట్టారని లీచ్ మీద ఆరోపణ. డిసెంబరు 28న లీచ్‌ను సస్పెండ్ చేశారు, 30న తీసేశారు. మర్నాడు ఆయనకు 8 లక్షల డాలర్ల బోనస్ రావాల్సి ఉంది (ఆ తేదీ చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది). తాను తప్పు చేయలేదన్నది లీచ్ వాదన. కాంట్రాక్టు ఉల్లంఘన అని కోర్టుకెళ్లారు.

2011లో టెక్సస్‌లోని అమరిల్లో నగరపు అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు చదివాను. యూనివర్సిటీ ప్రభుత్వానిది కాబట్టి సావరిన్ ఇమ్యూనిటీ (ప్రభుత్వం ఒప్పుకోకుండా దానిమీద దావా వేయడానికి వీల్లేదనే రక్షణ) ఉంది, నష్టపరిహారం అడగడానికి లేదు. తొలగించిన తీరు సరైనదా కాదా అని మాత్రం తేల్చమనొచ్చు, అదీ పైసా రాకుండా! 2012లో టెక్సస్ సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. మా ప్రొఫెసర్‌ని అడిగితే "శాసనసభ అనుమతి తెచ్చుకోవాలి" అని ఊరుకున్నారు. లైబ్రరీలో వెతికినవన్నీ వ్యాపార కాంట్రాక్టుల గురించే తప్ప ఉద్యోగుల గురించి కావు.

టెక్సస్ చట్టం తెలిసినవాళ్లు చెప్పండి: రాతపూర్వక కాంట్రాక్టు ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ కోచ్‌కి బాకీ డబ్బు రాబట్టుకోవడానికి శాసనసభ అనుమతి తప్ప వేరే మార్గం ఏదైనా ఉందా?