ఆన్‌లైన్ గేమ్ రీలాంచ్ బాధ్యత నా మీద పడింది, ఈ టెన్షన్ ఎలా తట్టుకోవాలి?

వంతెన_దీపం:
మా గేమ్ రిలీజై రెండేళ్లు. మొదటి నెలలో వచ్చినవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. పాత డైరెక్టర్ తప్పుకున్నాక రీలాంచ్ నాకప్పగించారు, గడువు తొమ్మిది నెలలు. ఒప్పుకున్న రోజు సంతోషంగానే ఉంది కానీ ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి ఎంతమంది ఆన్‌లైన్‌లో ఉన్నారో గ్రాఫ్ చూసుకుంటున్నాను, గీత కాస్త దిగినా మళ్లీ నిద్ర పట్టదు.

టీమ్‌లో సగం మంది పాత గేమ్‌కి ప్యాచ్‌లు (చిన్న చిన్న మరమ్మతులు) చేస్తున్నారు, సగం మంది కొత్తది కడుతున్నారు, రెండు వైపులా మనుషులు చాలడం లేదు. ఇన్వెంటరీ (ఆటగాళ్ల సామాన్ల లెక్క) కోడ్ రాసినవాళ్లు ఒక్కరూ ఇప్పుడు మాతో లేరు, అక్కడ ఒక లైను మారిస్తే ఇంకెక్కడో షాపు తెరుచుకోదు. ఇంకో సంగతి. గేమ్‌లో వంతెన దగ్గర ఆరుగురి గిల్డ్ (కలిసి ఆడే జట్టు) ఒకటి రోజూ సాయంత్రం కలుస్తుంది. వాళ్లలో ఒకరు "మా క్యారెక్టర్లు కొత్తదాంట్లో ఉంటాయా?" అని అడిగారు. ఉంటాయని చెప్పి మాట తప్పితే ఎలా? ఏమీ చెప్పకపోతే రేపే వెళ్లిపోతారేమో. ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాతసర్వర్:
ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ కథ చదివారా? 2010 సెప్టెంబర్‌లో వచ్చి ఘోరంగా దెబ్బతింది. డిసెంబర్‌లో దాన్ని నవోకి యోషిదా అనే కొత్త డైరెక్టర్ చేతికిచ్చారు. ఆయన పాతదాన్ని నడుపుతూనే కొత్తది కట్టించారు, అంటే మీరిప్పుడు ఉన్న స్థితే. ఒక పూలకుండీకి ఆటగాడి క్యారెక్టర్‌కి పట్టేంత గ్రాఫిక్స్ భారం పెట్టారని ఆయనే తర్వాత చెప్పారు. ఎంత అందంగా ఉన్నా అలాంటివి వదులుకోవాల్సి వచ్చింది. 2012 నవంబర్‌లో పాత సర్వర్లు ఆపేసి, 2013 ఆగస్టులో కొత్త గేమ్ తెచ్చారు.

మీ గిల్డ్ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. పాత ప్లేయర్ల క్యారెక్టర్లు కొత్తదాంట్లోకి వచ్చాయి. డబ్బు కట్టి నిలబడ్డవాళ్ల పేర్లు క్రెడిట్స్‌లో వేశారు. కాబట్టి డేటా తేగలరో లేదో ఈ వారమే ఇంజనీర్లను కూర్చోబెట్టి తేల్చుకోండి, ఆ ఆరుగురికి మాటివ్వడం ఆ తర్వాత.

బిల్డ్_విరిగింది:
పై జవాబు మంచిదే కానీ అందరికీ అలా జరగదు. యాంథెమ్ అనే ఆన్‌లైన్ గేమ్ 2019 ఫిబ్రవరిలో వచ్చింది, ఏడాదికి పెద్ద మార్పులు చేస్తామన్నారు, 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు. చేసినవాళ్లకి చేతకాక కాదు, డబ్బూ మనుషులూ ఎటు పంపాలో పైవాళ్లు నిర్ణయిస్తారు. నేనూ ఇలాంటి రీలాంచ్‌లో పనిచేశాను, ఏడో నెలలో ఆపేశారు. మా లీడ్ "అంతా బాగుంది" అని చెబుతూనే ఉండేవారు, చివరికి మాకు ఆ కబురు వేరే టీమ్ ద్వారా తెలిసింది. పని పోయినందుకంటే అందుకే ఎక్కువ బాధపడ్డాను. ఏ నెలలో ఏం చూపిస్తే పని కొనసాగుతుందో పైవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, టీమ్‌కి అదే కాగితం చూపించండి. చెడ్డ వార్తైనా మీ నోటితో వినాలి వాళ్లు.

ఆ గ్రాఫ్ రాత్రిపూట మీరు చూడాల్సింది కాదు. సర్వర్ పడిపోతే డ్యూటీలో ఉన్నవాళ్లకి అలారం వెళ్తుంది. ఫోన్‌లోంచి తీసేయండి.

క్యూలో_నేను:
లాంచ్ రోజు గురించి ఒక్క మాట, సర్వర్ల వైపు పనిచేస్తాను కాబట్టి. తిరిగొచ్చేవాళ్లంతా ఒకే గంటలో వస్తారు, అందరూ లాగిన్ దగ్గరే గుద్దుకుంటారు. పైన చెప్పిన 2013 లాంచ్‌లోనూ రద్దీ తట్టుకోలేక డిజిటల్ అమ్మకాలు కొన్నాళ్లు ఆపారు. లాగిన్‌కి వేరే లోడ్ టెస్ట్ (ఎంత రద్దీ తట్టుకుంటుందో చూసే పరీక్ష) పెట్టండి, క్యూలో ఎన్నో నంబరో చూపించండి. నంబరు కనిపిస్తే మనిషి ఓపిక పడతాడు, తిరిగే చక్రం ఒక్కటే కనిపిస్తే గేమ్ తీసేస్తాడు.

వంతెన_దీపం:
అందరికీ థాంక్స్. గ్రాఫ్ యాప్ తీసేశాను. ఇద్దరు ఇంజనీర్లు టెస్ట్ సర్వర్‌లో క్యారెక్టర్ డేటా మార్చి చూశారు, పేర్లు, లెవెల్స్ వచ్చాయి, సామాన్లలో కొన్ని రాలేదు. ఆ గిల్డ్‌కి సరిగ్గా ఇదే రాశాను, సామాన్ల సంగతి వచ్చే నెల చెబుతానన్నాను. "సరే, ఇక్కడే ఉంటాం" అని జవాబొచ్చింది. సోమవారం ఆ కాగితం అడగడానికి పైవాళ్ల దగ్గరికి వెళ్తున్నాను.