పనికిరాని ప్రొటీన్‌ను కోయడానికి కణానికి ఏటీపీ ఎందుకు?

బైపీసీ మాస్టారు:
ఇంటర్ పిల్లలకు జీర్ణక్రియ చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు మెలిక పెట్టాడు. పెప్సిన్, ట్రిప్సిన్ ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం) లేకుండానే ప్రొటీన్లను ముక్కలు చేస్తాయి కదా, మరి కణం లోపల అదే పనికి శక్తి ఖర్చవుతుందని ఎందుకంటారు అని. పెప్టైడ్ బంధం తెగితే శక్తి రావాలి గానీ పోకూడదు. రేపు వాడికేం చెప్పను?

పాత బీఎస్సీ:
కణంలో చెత్త అరిగే సంచి లైసోజోమ్. దాని లోపల ఆమ్లగుణం నిలవాలంటే ప్రోటాన్ పంపు నడవాలి సార్. దానికే ఏటీపీ.

ప్లేట్ రీడర్:
పంపు మాట నిజమే, కానీ అసలు ఖర్చు అక్కడ కాదండి. 1977లో ఎట్లింగర్, గోల్డ్‌బర్గ్ కుందేలు రెటిక్యులోసైట్లను (ఎర్ర రక్తకణాలు కాబోయే కణాలు) పగలగొట్టి ఆ రసంతో పరీక్షించారు. వాటిలో లైసోజోమ్‌లు ఉండవు. అయినా తేడాగా తయారైన హిమోగ్లోబిన్ కరగడానికి ఏటీపీ కావాల్సి వచ్చింది. మాస్టారూ, మీ కుర్రాడి సందేహం పాతదే. 1953లో సింప్సన్ ఎలుక కాలేయం ముక్కల్లో ఈ సంగతి చూసినప్పటి నుంచీ పెద్దపెద్దవాళ్లకే అంతుపట్టలేదు.

ముందు కొంత, ‘ఈ ప్రొటీన్‌ను పారేయాలి’ అని ముద్ర వేయడానికి పోతుంది. యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్‌ను తగిలించాలంటే, ఒక్కోదానికీ ఒక ఏటీపీ రెండు ఫాస్ఫేట్లు పోగొట్టుకుని ఏకంగా ఏఎంపీ దాకా దిగుతుంది. లెక్కకు రెండు ఏటీపీలన్నమాట. హెర్ష్‌కో, సీకనోవర్, రోజ్‌లకు 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఈ ముద్ర సంగతి తేల్చినందుకే. అయినా ఇది చిల్లర ఖర్చే.

పెద్ద బిల్లు ముద్ర పడ్డ ప్రొటీన్లను కోసే ప్రొటియేజోమ్ దగ్గర. అదొక గొట్టం, కోసే చోట్లన్నీ లోపల దాచి ఉంటాయి. బయట ఉంటే కణంలో ఎదురైన ప్రొటీన్‌నల్లా కోసేస్తాయి మరి. ద్వారం ఇరుకు, మడత పడ్డ ప్రొటీన్ పట్టదు. చిక్కుపడ్డ దారపు ఉండను కొస పట్టి సూది బెజ్జంలోంచి లాగినట్టు, మూతి దగ్గరున్న ఆరు ఏటీపీయేజ్‌లు (ఏటీపీని ఖర్చుచేసే ప్రొటీన్లు) మడత విప్పుతూ లోపలికి లాగుతాయి. మీ వాడు అన్నది కరెక్టే, కోత ఫ్రీ. లాగుడుకే డబ్బులు.

మా ల్యాబ్‌లో కొత్తవాళ్లకు ఇలాంటిదే అయిన బ్యాక్టీరియా యంత్రం క్లిప్‌ఎక్స్‌పీతో చూపిస్తాను. పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ అనే ప్రొటీన్‌కు, ముద్ర బదులు 11 అమైనో ఆమ్లాల తోక తగిలించి వేస్తాం. ప్లేటులో ఏటీపీ లేని గుంటలో వెలుగు గీత స్క్రీన్ మీద బల్లపరుపుగా సాగిపోతుంటుంది. పక్క గుంటలో ఏటీపీ పడగానే కిందికి జారుతుంది. ఏటీపీ అయిపోతే మధ్యలోనే ఆగుతుంది కాబట్టి దాన్ని తిరిగి నింపే క్రియాటిన్ ఫాస్ఫేట్, క్రియాటిన్ కైనేజ్ కూడా కలుపుతాం. ఈ సరుకు కొన్న బిల్లు మీద సంతకం పెట్టించడం ఇంకో ప్రయోగం.

బైపీసీ మాస్టారు:
బాగుందమ్మా. ఒక్క ప్రొటీన్‌కు ఎంత పడుతుంది?

ప్లేట్ రీడర్:
మడత గట్టితనాన్ని బట్టి ఉంటుంది సార్. డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే చిన్న ప్రొటీన్‌ను 26ఎస్ ప్రొటియేజోమ్ (ఏటీపీయేజ్‌లతో కలిసిన పూర్తి యంత్రం) నమిలేయడానికి 50–80 ఏటీపీలు. దానికి ఫోలేట్ లాంటి అణువు అతుక్కుని మడత బిగిస్తే 110–160. అదే ప్రొటీన్ తయారీకి అమైనో ఆమ్లానికి నాలుగు చొప్పున వేసుకున్నా 700 దాటుతుంది. కట్టడం కంటే కూల్చడం చవకే, కానీ ఊరికే మాత్రం కాదు. అన్నట్టు, పాలలోని కేసీన్‌కు గట్టి మడత లేదు. ఏటీపీయేజ్‌లు లేని ఉత్త గొట్టం దాన్ని ఏటీపీ లేకుండానే మెల్లగా కోస్తుంది. మీ వాడికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

వైజాగ్ నుంచి:
అక్కా, మా బాబాయికి మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు. అది ప్రొటియేజోమ్‌ను ఆపుతుందట. మరి క్యాన్సర్ కణానికి ఏటీపీ మిగిలి లాభమే కదా?

ప్లేట్ రీడర్:
లేదు తమ్ముడూ. ఆ మందు కూర్చునేది కోసే చోట, ఏటీపీయేజ్‌ల మీద కాదు. మైలోమా కణం రాత్రీపగలూ యాంటీబాడీ ప్రొటీన్ తయారుచేస్తూనే ఉంటుంది, అందులో సరిగా మడతపడని సరుకు బోలెడు. అది బయటికి పోయే దారి మూసుకుపోతే, మిగిలిన ఏటీపీతో ఏం చేసుకుంటుంది? మామూలు కణాల కంటే ముందు అదే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. బాబాయి వేళ్లలో తిమ్మిర్లుంటే మాత్రం డాక్టరుగారికి వెంటనే చెప్పమనండి, ఈ మందుతో నరాల ఇబ్బంది వస్తుంటుంది.