డీవీడీయా, బ్లూ-రేయా? ఇంట్లో సినిమాలు దాచుకోవడానికి ఏది మేలు?

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి
మా నాయన కొనిపెట్టిన వీసీడీలు రెండొందల పైనే ఉన్నాయి. ఎక్కువగా పాత పౌరాణికాలు, జానపదాలు. సినిమాకి మూడు డిస్కులు. యుద్ధం మధ్యలో లేచి డిస్కు మార్చడం చిన్నప్పుడు నా ఉద్యోగం. ఈమధ్య 55 అంగుళాల టీవీ కొన్నాం. దాంట్లో వేస్తే మొహాలు అలుక్కుపోయినట్టున్నాయి. నచ్చిన ఓ యాభై సినిమాలు మళ్లీ కొనాలనుకుంటున్నా. పాత డీవీడీలు చవగ్గా వస్తున్నాయి, బ్లూ-రే అయితే నేను చూసినచోట అయిదు రెట్లు చెప్తున్నారు. అంత తేడా ఉంటుందా?

మిట్టూరు మామ, చిత్తూరు
ఉంటుంది సామీ. వీసీడీ బొమ్మ 352 × 288 పిక్సెళ్లు, మన దేశంలో వాడే పాల్ (PAL) పద్ధతి డీవీడీ 720 × 576, బ్లూ-రే 1920 × 1080. గుణించి చూడు, డీవీడీకి సరిగ్గా అయిదు రెట్లు. అయిదు రెట్ల ధరకి అయిదు రెట్ల బొమ్మ, ఇంకేం కావాలి! డీవీడీలో రెండు పొరలున్నా 8.5 జీబీనే, బ్లూ-రేలో 50. ఒకే డీవీడీలో మూడు సినిమాలు కుక్కినవి మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఏడున్నర గంటల బొమ్మని అంతలో ఇరికిస్తే ఏం మిగులుతుంది?

ఎం.ఆర్.పల్లి
ఈ కాలంలో డిస్కులేంది అన్నా? ఓటీటీ ఉంది. లేదంటే 2 టీబీ హార్డ్ డిస్క్ కొని పడేయ్.

మిట్టూరు మామ, చిత్తూరు
పడేశా అప్పా, నిజంగానే. పోయిన వేసవిలో మా మనవడి చేతిలోంచి జారింది. నాలుగు టక్ టక్‌లు, అంతే, మళ్లీ తెరుచుకోలేదు. ఓటీటీలో పండక్కి చూద్దామని పెట్టుకున్న సినిమా పండక్కి ఉండదు.

పాత సీడీ షాపు, తిలక్ రోడ్డు
నేను తొమ్మిదేళ్లు డిస్కులు అద్దెకిచ్చినోణ్ణి. మామ లెక్క తప్పు కాదు గానీ, ఆ బొమ్మ ఎక్కడినుంచి తీశారో ముందు చూడాలి. ఫిల్మును కొత్తగా స్కాన్ చేసి ఇస్తేనే బ్లూ-రేకి అర్థం. ఎప్పుడో వీడియో టేపుకి ఎక్కించిన కాపీనే తెచ్చి బ్లూ-రేలో పోస్తే, చెంబు నీళ్లు బిందెలో పోసినట్టే. పైగా తమ్ముడు అడిగే పౌరాణికాల్లో చాలావాటికి అసలు బ్లూ-రేనే రాలేదు. ఉన్న డీవీడీ పోగొట్టుకుంటే అదీ దొరకదు.

కాబట్టి కొట్లాట ఎందుకు? బ్లూ-రే ప్లేయర్లో డీవీడీ ఆడుతుంది. ప్లేయర్ ఒకటి కొని, పాతవి డీవీడీ, కొత్తవి బ్లూ-రే తీసుకో. వీసీడీలు మాత్రం అన్ని ప్లేయర్లలో ఆడవు. షాపుకి ఒకటి పట్టుకెళ్లి వేయించి చూసుకో.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి
డాలస్‌లో ఉన్న మా బావ కొన్ని పంపిస్తానంటున్నాడు.

మిట్టూరు మామ, చిత్తూరు
అట్ట మీద రీజియన్ చూడమను, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు. మన ప్లేయర్‌తో కలవకపోతే ఆడదు. డీవీడీకి అమెరికా 1, మనం 5. బ్లూ-రేకి వాళ్లు ఏ, మనం సీ. 4కే డిస్కుకి ఈ గోల లేదు, కానీ దానికి వేరే ప్లేయర్ కావాలి. బ్లూ-రేకి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీని 2008లో తోషిబా ఆపేశాక దానికి పోటీయే లేకుండా పోయింది, పోటీ డిస్కు గెలిచి మనది మూలపడుతుందన్న భయమూ అక్కర్లేదు.

పాత సీడీ షాపు, తిలక్ రోడ్డు
ఒక్క మాట. మీ నాయన వీసీడీల మీద బాల్‌పెన్నుతో పేర్లు రాశారా? వీసీడీలో బొమ్మ ఉండే పొర ఆ పేరు రాసే వైపే, పైపూత కిందే ఉంటుంది. అద్దంలా మెరిసే వైపు గీత పడినా ఆడొచ్చు, పైన గీత లోతుగా దిగితే ఇక అంతే.

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి
రాశారన్నా, బాల్‌పెన్నుతోనే. పేరు, కొన్న తేదీ, చివర సంతకం కూడా. ఇవాళ వంద వేసి చూశా, పదకొండు ఎక్కలేదు. మిగతావి తమ్ముడు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాడు. ప్లేయర్ వచ్చే నెల.