పిరమిడ్లు కట్టింది బానిసలు కాదంటే మరెవరు?

కాలక్షేపం: బడిలో మాస్టారేమో బానిసల్ని కొరడాలతో బాది కట్టించారన్నారు. ఇప్పుడు యూట్యూబ్‌లో అదంతా అబద్ధమంటున్నారు. ఏది నమ్మాలి?

నైలు_పిచ్చోడు: కొరడా కథ వదిలేయండి. 1990లో ఈజిప్టులో గీజా పిరమిడ్ల దగ్గర ఓ గుర్రం మట్టి ఇటుకల గోడ తగిలి తూలింది. అక్కడ తవ్వితే పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. వెన్నులు అరిగిపోయిన ఎముకలు, విరిగి చక్కగా అతుక్కున్న చేతులు. అంటే కట్టు కట్టి వైద్యం చేశారన్నమాట. రాజు సమాధి పక్కన బానిసకి ఎవడైనా చోటిస్తాడా? 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో మెరెర్ అనే అధికారి దినచర్య పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) మీద దొరికింది. తూరా క్వారీలో సున్నపురాయి పడవకెక్కించడం, గీజాకి చేర్చడం, రాత్రి ఎక్కడ ఆగిందీ, అన్నీ ఉన్నాయి.

కాంక్రీట్_బాబాయ్: అవన్నీ సరే. పెద్ద పిరమిడ్‌కే 23 లక్షల రాళ్లు, 20 ఏళ్లు. రోజుకి 315. పది గంటల పనైతే రెండు నిమిషాలకో రాయి! జేసీబీలున్నా నా సైట్లో శ్లాబు వారం లేటు. ఈ లెక్క తేల్చండి ముందు.

చుక్కల_చూపు: గ్రహాంతరవాసులే. థ్రెడ్ మూసేయండి 😄

కొత్త_సభ్యుడు: ఇశ్రాయేలీయులు కట్టారు. బైబిల్లో నిర్గమకాండం చదవండి.

నైలు_పిచ్చోడు: చదివాను. అందులో ఉన్నది పీతోము, రామెసేసు పట్టణాలు, ఇటుకల పని. పిరమిడ్ ఊసే లేదు. బాబాయ్, రాళ్లన్నీ ఒకే జట్టు లాగిందా ఏంటి? పురావస్తు శాస్త్రవేత్త మార్క్ లెహ్నర్ అంచనా ఇరవై, పాతిక వేల మంది.

కాంక్రీట్_బాబాయ్: అంతమంది ఒక ర్యాంపు మీద ఎలా పడతారు?

జగిత్యాల_పోరడు: నైలన్నా, కట్టు కట్టిండ్రు, సమాధికి చోటిచ్చిండ్రు అంటున్నవ్. రానంటే ఏమైతుండె, గది చెప్పు. మా తాత దొర గడీకి రాళ్లు మోసిండు. పొద్దూకెదాక చేస్తే గింత గటుక పోసేటోళ్లు. గటుక పోసిండ్రని మా తాతను కూలికి పెట్టుకున్నట్టా?

నైలు_పిచ్చోడు: ప్రతిదీ మీ ఊరి గడీకి ముడిపెట్టకండి. పనివాళ్ల జట్ల పేర్లు చూడండి: 'ఖుఫు మిత్రులు', 'మెంకౌరే తాగుబోతులు'. ఖుఫు పెద్ద పిరమిడ్ కట్టించిన రాజు, మెంకౌరే గీజాలో మరో పిరమిడ్ రాజు. కొరడా కింద పనిచేసేవాళ్లకి ఇంత సరదా ఉంటుందా?

జగిత్యాల_పోరడు: ఆ పేర్లు ఎవరు పెట్టిండ్రో నీకెరుకనా? బ్రూక్లిన్ మ్యూజియంల ఒక పపైరస్ ఉన్నది, పిరమిడ్ల తర్వాత ఏడెనిమిది వందల ఏండ్లది. రాజు పనికి రాకుంట పారిపోయినోళ్ల చిట్టా. ఇంటోళ్లను పట్టుకపోయి పెట్టుకునేటోళ్లు. ఇగ సమాధులల్ల పెట్టే షబ్తి బొమ్మలు చూడు. పరలోకంల పనికి పిలుస్తే సచ్చినోని బదులు బొమ్మ 'నేనున్న' అనాలె. సచ్చినంక గూడ వెట్టి తప్పదని భయపడ్డోళ్లు ఖుషీగ పోయిండ్రంటవా?

నైలు_పిచ్చోడు: అవన్నీ తర్వాతి కాలానివి, ఖుఫుకి అంటగడితే ఎలా? ఇలా వదిలేస్తే రేపు రామప్ప గుడి కూడా వెట్టితోనే కట్టారంటారు. మన పూర్వీకుల ప్రతి గొప్ప పనికీ ఓ కొరడా తగిలించాలా?

జగిత్యాల_పోరడు: అగో! నీ లొల్లి ఈజిప్టు కోసం కాదన్నట్టు. రామప్ప మాట నేనెత్తలే, నువ్వే ఎత్తినవ్. మా గడీ కాడికి ఫొటోలకు వచ్చెటోళ్లు దొర పేరే అడుగుతరు. నాకు గదే మంట.

నైలు_పిచ్చోడు: మీ మంట అర్థమైంది. కానీ అది సాక్ష్యం కాదు. రానన్నవాణ్ణి శిక్షించారని ఖుఫు కాలం నాటి ఆధారం ఒక్కటి చూపించండి.

జగిత్యాల_పోరడు: ఉరికిపోయినోనికి గీజాల సమాధి కడతరానే? నువ్వు తవ్వింది ఉన్నోళ్ల బొందలు.

మౌనశ్రోత: బాబాయ్ గారూ, హత్నుబ్ క్వారీలో ఖుఫు నాటి ర్యాంపు 2018లో బయటపెట్టారు. రెండు పక్కలా మెట్లు, గుంజలు పాతిన గుంతలు.

కాంక్రీట్_బాబాయ్: అది క్వారీ. నేనడిగేది 146 మీటర్ల ఎత్తుకి.